ఐదేళ్లకొక మారు కాదు, ఏటేటా లెక్క అడుగుదాం
(నెల్లూరు జిల్లా తీరగ్రామాల ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంకాలం మన సర్వేపల్లి నియోజకవర్గం గురించి ఆలోచిద్దాం. కృష్ణపట్నం రేవు ఉన్న ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, కసుమూరు దర్గా గల వెంకటాచలం, మనుబోలు, పొదలకూరు - ఈ ఐదు మండలాల సీమ ఇది.

2014, 2019, 2024 శాసనసభ ఎన్నికలలో ఇక్కడ ప్రధాన ప్రత్యర్థులు మారలేదు. వైఎస్సార్ కాంగ్రెస్ పక్షాన కాకాణి గోవర్ధనరెడ్డి గారు, తెలుగుదేశం పక్షాన సోమిరెడ్డి చంద్రమోహనరెడ్డి గారు. మొదటిసారి కాకాణి గారు 5 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. రెండవసారి ఆధిక్యం 14 వేలకు చేరువైంది. 2022లో ఆయన వ్యవసాయ మంత్రి అయ్యారు. మూడవసారి బరిలో దిగేనాటికి పదేళ్ల శాసనసభ్యత్వం, మంత్రి పదవి ఆయన వెంట ఉన్నాయి. ఎదుట నిలిచిన సోమిరెడ్డి గారు 1994, 1999లలో ఇక్కడే గెలిచి, తరువాత రెండు దశాబ్దాలు ప్రత్యక్ష ఎన్నికలలో గెలుపు చూడనివారు. అయినా 2024 జూన్ 4న 16 వేల పైచిలుకు ఆధిక్యం ఆయనకే దక్కింది.

ఆ ఏడు రాష్ట్రమంతటా వీచిన గాలి ఇక్కడా వీచింది. అదంతా మన ఓట్ల మహిమే అనుకోవడం ఆత్మవంచన. అయితే ఎంతకాలం పదవిలో ఉన్నవారి పీఠమైనా కొన్ని వేల ఓట్లపైనే నిలిచి ఉంటుందని మనం గ్రహించాలి. ఊరికి కొన్ని గడపలే ఉన్నా మన మాటకు విలువ ఉంది. ఆ విలువను మనమే వాడుకోవడం లేదు.

మనం నాయకులను ఎప్పుడు కలుస్తున్నాం? గంధోత్సవంలో, ఇఫ్తార్ విందులో, ఓట్ల పండుగలో. శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం, ఇంటికి వస్తాం. ఖబరస్తాన్‌కు ప్రహరీ, ఆడపిల్లల ఉపకార వేతనం, వక్ఫ్ భూమి సర్వే - వీటిలో దేనిని రాతపూర్వకంగా అడిగాం? అడగనిదానికి జవాబు రాలేదని ఎవరిని నిందించగలం?

అందుచేత మూడు పనులు తలపెడదాం. మొదటిది, ప్రతి ఊరిలో ఒక పుస్తకం. ఏమి అడిగాం, ఏ తేదీన అడిగాం, ఏమి జవాబు వచ్చింది అన్నవి అందులో రాయాలి. స్త్రీల కోరికలు స్త్రీలే రాయించాలి. గెలిచినవారికీ ఓడినవారికీ అదే పుస్తకం ఏటా చూపాలి.

రెండవది, ఓటర్ల జాబితా. రొయ్యల చెరువుల పనికి, పట్నపు కూలికి వలసపోయే మన పిల్లల పేర్లు జారిపోకుండా చూడాలి. కొత్త పేరుకు 6వ నంబరు ఫారం, చిరునామా మార్పుకు 8వ నంబరు ఫారం. అర్హత తేదీలు ఇప్పుడు ఏడాదికి నాలుగు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల 1వ తేదీలు.

మూడవది, హద్దు. మతం పేర ఓటు అడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అక్రమం. మస్జిదులో ఎన్నికల ప్రచారం చేయరాదని ప్రవర్తనా నియమావళి చెబుతోంది. అందువలన ఈ లెక్క మస్జిదు వెలుపల, పొరుగు కులాల పెద్దల సమక్షంలోనే అడుగుదాం. తాగునీరు, రహదారి వారికీ మనకూ ఉమ్మడివే కదా.

ఓటు మన చేతిలోని అమానత్. ఇచ్చినవారికి లెక్క అడిగే హక్కుంది, పుచ్చుకొన్నవారికి లెక్క చెప్పే బాధ్యత ఉంది. ఈ రాత్రి ఇళ్లకు వెళ్లేముందు ప్రతి ఊరివారూ తమ పుస్తకంలో మొదటి పుట రాసి వెళ్లవలసిందిగా కోరుతున్నాం. వస్సలామ్.