మన రోకలిబండ పేరేమిటి?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవమంటే పాత ముచ్చట్లే బాగుంటాయి. కానీ నిర్వాహకులు "ముప్పై ఏండ్లు జువాలజీ చెప్పినవు, పిల్లలకు పనికొచ్చేది ఏదన్న చెప్పు" అన్నారు. నేను రోకలిబండ గురించి చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వొచ్చు, నాకు అలవాటే.

మెండోరలో ఈ పురుగును చూడనివాళ్లు లేరు. మిరుగం వానలు పడగానే చేనుగట్ల మీద, రాళ్ల కుప్పల కింద, ఈ బడి ప్రహరీగోడ పొడుగునా బయటికొస్తుంది. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటుంది. పోయిన ఏడాది నాకు తమ్ముడి వరసయ్యే రైతు ఒకడు పసుపు చేన్లకు తీసుకపోయి, కుళ్లిన దుంప ఒకటి పీకి చూపించాడు. దాంట్లో రెండు రోకలిబండలున్నాయి. "అన్నా, గియ్యే తింటున్నయి. ఏం మందు గొట్టాలె?" అని అడిగాడు. పసుపులో దుంపకుళ్లుకు ముఖ్య కారణం పిథియం అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి. నీళ్లు నిలిచిన చేన్లో అది ఎక్కువ. కుళ్లిన వాసనకు రోకలిబండ తర్వాత వచ్చి చేరుతుంది, దాని తిండే కుళ్లిన ఆకూ అలమూ కాబట్టి. ఆ మాట చెప్పాను. వాడు ఊరుకోలేదు. "మరి గీ పురుగు పంట తినదని రాసిస్తవా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ పురుగు పేరు తెలియాలి. రోకలిబండ అన్నది ఒక్క పురుగు పేరు కాదు. ప్రపంచంలో ఇప్పటికి పేరు పెట్టినవే దాదాపు 12,000 జాతులున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌లో పెరిడాంటోపైజ్ అనే ప్రజాతి పురుగులు వేరుశనగ కాయలను తొలిచి రైతులను ఏడిపిస్తాయి. అదే కుదురుకు చెందిన మరో ప్రజాతి రాలిన ఆకుల్ని నమిలి ఎరువు చేస్తుంది. పడమటి కనుమల్లో ఆర్త్రోస్ఫీరా అని గోలీలాగా గుండ్రంగా ముడుచుకునే రోకలిబండ ఉంది. దానితో తోటల చెత్తను కంపోస్టుగా మార్చే పద్ధతి మీద మంగుళూరు విశ్వవిద్యాలయంలో పరిశోధన జరిగింది. ఒక ప్రజాతి మీద తేలిన సంగతిని ఇంకో ప్రజాతికి అంటగట్టడానికి వీల్లేదు. అందుకే పేరు కావాలి.

ముందుగా జెర్రిని పక్కన పెడదాం. జెర్రికి ఒక్కో ఖండానికి ఒక్క జత కాళ్లు, విషపు కొండ్లు, ఉరుకు. రోకలిబండకు ఒక్కో వలయానికి రెండేసి జతలు. నిజానికి రెండు ఖండాలు అతుక్కుని ఒక్క వలయమైనందుకే రెండు జతలు. మెడ దగ్గరి మొదటి వలయానికి కాళ్లుండవు, ఆ వెంటనే వచ్చే మూడింటికి ఒక్కో జతే ఉంటాయి. అది కరవదు. గట్టిగా పట్టుకుంటే పక్కల రంధ్రాల నుంచి ఒక రసం వదులుతుంది. అది వేలికి అంటితే గోధుమరంగు మరక నాలుగు రోజులుంటుంది. ఆ చేత్తో కళ్లు మాత్రం నులుముకోవద్దు.

ఇక మా కాలేజీ ల్యాబులో ఒక సీసా ఉండేది. దాని మీద "జూలస్" అని చీటీ. నేను రికార్డులో బొమ్మ వేసి జూలస్ అనే రాశాను, మార్కులు పడ్డాయి. దేశంలో ఎన్నో ల్యాబుల్లో ఆ సీసా అట్లనే ఉంది. 1758లో లిన్నేయస్ తనకు తెలిసిన రోకలిబండలన్నింటినీ జూలస్ అనే ఒక్క ప్రజాతిలో వేశాడు. తర్వాతి వాళ్లు దాన్ని విడగొట్టుకుంటూ పోతే, చివరికి జూలస్ అన్న పేరు యూరప్ వైపు బతికే కొన్ని చిన్న జాతులకే మిగిలింది. మన దక్షిణాదిలో బాగా కనిపించే పెద్ద నల్లదానికి 1844లో న్యూపోర్ట్ అనే ఇంగ్లీషాయన స్పైరోస్ట్రెప్టస్ నైగ్రోలేబియేటస్ అని పేరు పెట్టాడు. స్పైరోస్ట్రెప్టస్ ఇప్పుడు ఆఫ్రికా ప్రజాతి. మనది కొంతకాలం థైరోపైగస్ అనిపించుకుని, ఇప్పుడు ఫిల్లోగోనోస్ట్రెప్టస్ అనే ప్రజాతిలో ఉంది. పురుగు మాత్రం మారలేదు, ఆ గట్టు మీదే ఉంది.

ఎందుకిన్ని మార్పులు? పాతకాలపు వాళ్లు రంగు, పొడవు, వలయాల లెక్క చూసి పేర్లు పెట్టేవాళ్లు. గుండ్రటి రోకలిబండ విషయంలో ఈ మూడూ మోసం చేస్తాయి. గుడ్డులోంచి బయటికొచ్చినప్పుడు సాధారణంగా దానికి మూడు జతల కాళ్లే. కుబుసం విడిచిన ప్రతిసారీ తోక దగ్గర కొత్త వలయాలు, కొత్త కాళ్లు చేరుతూ పోతాయి. ఒకే తల్లి పిల్లల్లో కూడా లెక్క ఒక్కటి కాదు. సహస్రపాది అని పుస్తకంలో చదువుకున్నాం కదా, 2021 దాకా వెయ్యి కాళ్లున్నది ఒక్కటీ దొరకలేదు, 750 దగ్గరే ఆగింది. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో, గనుల కోసం తవ్విన బోరుబావిలో, 60 మీటర్ల లోతున 1,306 కాళ్లది దొరికింది.

బల్లపరుపుగా, వీపుకు ఇరుపక్కలా రెక్కల్లాంటి అంచులున్న చిన్న రకాలు వేరు. వాటికి కళ్లుండవు. పెరిగినవాటిలో ఎక్కువ జాతులకు కచ్చితంగా 20 వలయాలు. నలిపితే బాదం పప్పు వాసన వస్తుంది, దాంతోపాటు కొంచెం సైనైడ్ కూడా. ఆడదానికి 31 జతల కాళ్లు, మగదానికి 30. పోయిన ఆ ఒక్క జతలోనే మన శాస్త్రమంతా ఉంది.

అది ఏమయింది? మగదాని ఏడో వలయం కింద చూడండి. నడిచే కాళ్ల బదులు అక్కడ కొక్కేల్లాంటి, కొమ్మల్లాంటి, చెంచాల్లాంటి చిన్న అవయవాలుంటాయి. వాటిని గోనోపాడ్లు అంటారు. జననరంధ్రం ముందువైపు, రెండో జత కాళ్ల దగ్గర ఉంటుంది. అక్కడి వీర్యాన్ని మగది ఈ గోనోపాడ్లకు ఎత్తుకుని ఆడదానికి అందిస్తుంది. పిల్లలున్నారు, అయినా ఇది పాఠమే. పైకి రెండు పురుగులు అచ్చు ఒక్కతీరున్నా గోనోపాడ్లు వేరుగా ఉంటాయి. 19వ శతాబ్దం చివర నుంచి ప్రజాతుల్ని విడదీసేది ప్రధానంగా వీటిని బట్టే. వియన్నా మ్యూజియానికి చెందిన ఆటెమ్స్ 1936లో భారతదేశపు రోకలిబండల మీద పెద్ద గ్రంథం వేశాడు. దాంట్లో పేజీలకు పేజీలు గోనోపాడ్ల బొమ్మలే.

పోయిన జూలైలో మన ఊరి గట్ల మీద పదకొండు నల్లవి ఏరాను. నాలుగు మగవి. ముందు ముఖం చూశాను. తల మీద నిట్టనిలువుగా లోతైన గీత ఉంటే స్పైరోబోలిడా క్రమం. తమిళనాడులో తాటాకు ఇళ్ల కప్పుల్లో గుంపులుగా చేరే జెనోబోలస్ ఆ క్రమానిది. దాంట్లో ఏడో వలయపు రెండు జతలూ గోనోపాడ్లే, వెనక జత ముందు జత లోపల దాగి ఉంటుంది. మనవాటికి ఆ గీత లేదు. ముందు జత గోనోపాడ్లే పెద్దవి, వెనక జత ఆనవాలు లేదు. కాబట్టి స్పైరోస్ట్రెప్టిడా క్రమం. ముందు జతలో ఒక ఒరలాంటి భాగం, దాంట్లోంచి మెలి తిరిగి బయటికొచ్చే సన్నటి కొమ్మ. మగవాటి కాళ్ల కింద మెత్తటి చిన్న దిండ్లు. ఇవి హార్పగోఫోరిడే కుటుంబపు గుర్తులు. ఇక్కడిదాకా నా పాత మైక్రోస్కోపు చాలింది. ప్రజాతి తేల్చాలంటే ఆ కొమ్మ చివరి మడతల్ని ఆటెమ్స్ బొమ్మలతోనూ, ఆ తర్వాత వచ్చిన వ్యాసాలతోనూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఆ పని నడుస్తోంది.

మిగతా ఏడు ఆడవో, ఎదగనివో. వాటితో ప్రజాతి చెప్పలేం. ఎవరైనా ఒక్క ఫోటో చూసి పేరు చెప్పేస్తే నమ్మకండి. మూల నమూనాలు చాలావరకు లండన్, వియన్నా మ్యూజియాల్లో ఉన్నాయి. మన దగ్గర ఒక్కో ఊరి సీసా లేకపోతే పోల్చేది దేంతో? మన తమ్ముడికి రాసిచ్చేది ఏమని?

అందుకే తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని అప్పజెబుతున్నాను. ఈ వానాకాలం పసుపు చేన్లో, మక్క చేన్లో, ఎస్సారెస్పీ కాలువ గట్టు మీద, బడి తోటలో విడివిడిగా ఏరండి. ఏడో వలయం కింద కాళ్లు ఉండాల్సిన చోట ఖాళీ కనిపిస్తే అది మగది, దాన్ని ఉంచుకోండి. మిగతావాటిని అక్కడే వదలండి. ఫార్మాలిన్ వద్దు, దాంట్లో పెంకులోని సున్నం కరిగి పోతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి. 70 శాతం స్పిరిట్ చాలు. ఊరు, చేను, తేదీ, ఏ పంట, దుంప కుళ్లిందా బాగుందా అని పెన్సిల్‌తో కాగితం మీద రాసి సీసా లోపలే వేయండి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. కుళ్లిన దుంపల దగ్గరా, మంచి దుంపల దగ్గరా ఎన్నెన్ని దొరికాయో లెక్క మాత్రం తప్పక రాయండి, మన రైతుకు కావలసింది అదే.

సీసాలు నేను తెచ్చిస్తాను. సైన్సు గది అల్మారాలో కింది అర ఖాళీ చేయించి పెట్టామని హెడ్మాస్టరు గారు ఇందాకే చెప్పారు.