స్టేడియం టెండర్ మనది కాదు, దాని గ్రిల్స్ ఆర్డర్ మనది కావచ్చు

(సబ్సిడీ రుణంతో యూనిట్ పెట్టుకున్న లబ్ధిదారుల కోసం చేసిన అవగాహన ప్రసంగం)



2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. "సార్, ఆ కట్టడం పనుల్లో మనకేమైనా దొరుకుతుందా?" అని మీలో కొందరు అడుగుతున్నారు. దొరుకుతుంది. కాకపోతే ఏది దొరుకుతుందో, ఏది దొరకదో ముందే తెలుసుకోండి. లేకపోతే రుణం తీర్చాల్సిన డబ్బు టెండర్ల వెంట తిరగడానికే అయిపోతుంది.

స్టేడియం కట్టే అసలు కాంట్రాక్టు జోలికి మనం వెళ్లం. దానికి పెద్ద టర్నోవర్ కావాలి, అలాంటివి ముందు కట్టిన అనుభవం చూపించాలి. కానీ ఆ కాంట్రాక్టర్ గ్రిల్స్, రెయిలింగ్స్, సైన్ బోర్డులు, పనివాళ్ల యూనిఫాంలు అన్నీ తానే తయారు చేసుకోడు కదా! మన వాటా అక్కడుంది. పేవర్ బ్లాకుల యూనిట్ ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడి నుంచి అహ్మదాబాద్‌కు రేటు వేయకండి, లారీ కిరాయికే లాభం పోతుంది. బరువు తక్కువ, విలువ ఎక్కువ ఉన్న సరుకైతేనే ఆలోచించండి.

ఎక్కడ వెతకాలి? కేంద్ర సంస్థల టెండర్లు జెమ్ పోర్టల్‌లో, సీపీపీపీలో ఉంటాయి. గుజరాత్ ప్రభుత్వ శాఖలవి ఎన్‌ప్రొక్యూర్‌లో వస్తాయి. ప్రధాన టెండర్ ఎవరికి దక్కిందో చూసి, ఆ కంపెనీ కొనుగోలు విభాగానికి మీ వివరాలు, శాంపిల్ ఫొటోలు పంపండి. "డబ్బు కడితే టెండర్ ఇప్పిస్తాం" అనేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

అన్నిటికన్నా ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉచితం. 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనే వాటిలో 25 శాతం సూక్ష్మ, చిన్న యూనిట్ల నుంచి కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీలవి, 3 శాతం మహిళలవి. ఈఎండీ కట్టక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. ఈఎండీ మామూలుగా టెండర్ విలువలో 2 నుంచి 5 శాతం. అంటే 20 లక్షల టెండర్‌కు 40 వేల నుంచి లక్ష దాకా మీ డబ్బు ఇరుక్కోదు. మీ రేటు అందరికన్నా తక్కువ రేటు కంటే 15 శాతం లోపు ఎక్కువున్నా, ఆ తక్కువ రేటుకు ఒప్పుకుంటే ఆర్డర్‌లో కొంత భాగం దక్కే వీలుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. ఈ మినహాయింపు మీరు తయారు చేసిన సరుకుకు, మీరు చేసే సేవలకు మాత్రమే. కొని అమ్మేవాళ్లకు లేదు. వర్క్స్ కాంట్రాక్టు, అంటే సివిల్ పని టెండర్ అయితే కూడా లేదు. ఉద్యమ్ ఉంది కదా అని ఈఎండీ కట్టకుండా వర్క్స్ టెండర్ వేస్తే కవరు తెరవగానే పక్కన పెడతారు. గుజరాత్ శాఖల టెండర్లకు ఆ రాష్ట్ర నిబంధనలుంటాయి. టెండర్ కాగితంలో ఈఎండీ పేజీ పూర్తిగా చదవండి, చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకోండి.

ఇక బిల్లు సంగతి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల తర్వాత కొందరు సరఫరాదారుల బిల్లులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. పెద్దవాళ్లు తట్టుకున్నారేమో, నెలనెలా కిస్తీ కట్టే మనం తట్టుకోలేం. అందుకే నోటిమాట మీద సరుకు పంపొద్దు. రాతపూర్వక ఆర్డర్ తీసుకోండి. సరుకు దించాక చలానా మీద తేదీతో సంతకం, స్టాంపు వేయించుకోండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సరుకు స్వీకరించిన 45 రోజుల్లోపు సూక్ష్మ, చిన్న యూనిట్లకు డబ్బు ఇవ్వాలి. ఒప్పందంలో 90 రోజులని రాసుకున్నా చెల్లదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఆర్డర్ తీసుకున్న తర్వాత ఉద్యమ్ చేయించుకుంటే ఆ ఆర్డర్‌కు ఈ రక్షణ రాకపోవచ్చు. సరుకు, బిగింపు కలిపి ఒకే వర్క్ కాంట్రాక్టుగా తీసుకుంటే చట్టం వర్తిస్తుందా అని కోర్టుల్లో వాదనలు నడిచాయి. కాబట్టి వీలైతే సరుకు ఆర్డర్ వేరుగా అడగండి.

ఉద్యమ్ లేనివాళ్లు ఆధార్, పాన్, ఓటీపీ వచ్చే ఫోన్ పట్టుకుని జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి. జీఎస్టీ ఉంటే ఆ నంబరు కూడా తీసుకెళ్లండి.