మెచ్చుకోలు దయ కాదు, బాకీ



సన్మాన సభల్లో మనం వాడే మాటల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. చేసిన పనికి చెప్పేవి అభినందనలు, రాబోయే కాలానికి చెప్పేవి శుభాకాంక్షలు. పదవీ విరమణ చేసేవారికి రెండూ చెప్పాలి. ‘శభాష్’ ఫార్సీ నుంచి వచ్చిన మాట. ‘సంతోషంగా ఉండు’ అని దాని అర్థం. అది పెద్దలు చిన్నవారిని అనే మాట. పెద్దవారితో ‘ఈ పని మీ దగ్గరే నేర్చుకున్నామండీ’ అంటే చాలు.

భయంతో పలికే మర్యాద మన తాతలకు బాగా తెలుసు. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అన్నది మర్యాద కాదు, వెట్టిలో భాగం. ఆ వెట్టిని ఎదిరించిన ఆంధ్ర మహాసభ 1941లో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన ఈ చిలుకూరులోనే జరిగింది. అటువంటి ఊళ్లో పై అధికారిని ఇంద్రుడు, చంద్రుడు అని మునగచెట్టు ఎక్కించడం మనకు తగదు.

మెచ్చుకోలులో పని పేరు ఉండాలి. సాగర్ ఎడమ కాలువ మీద పనిచేసిన లష్కరును ‘మంచి మనిషి’ అంటే అది ఎవరికైనా సరిపోయే మాట. ‘రాత్రంతా తూము దగ్గర కాపలా ఉండి చివరి మడిదాకా నీళ్లు పారించినవన్నా’ అంటే అది ఆయనకే చెందిన మాట. ఆఫీసరు గారికి సన్మాన పత్రం చదివి, అటెండరుకు శాలువా కప్పి పంపడం నేను చాలా సభల్లో చూశాను. ఇద్దరి సర్వీసూ సర్వీసే కదా!

ఎదుట పొగిడితే దిష్టి తగులుతుందని, తలకెక్కుతుందని మనవాళ్లు జంకుతారు. ఆ జంకుతో సంతాప సభ దాకా ఆగితే, వినవలసిన మనిషి ఉండడు. పొగడ్త అందుకున్నవారు కూడా ‘అబ్బే, నాదేముంది’ అని తోసెయ్యకుండా, ‘సంతోషమండీ’ అని స్వీకరించాలి.

పెన్షను యజమాని దయతో ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెచ్చుకోలు కూడా అంతే. అది మనం చూపే దయ కాదు, మనం తీర్చవలసిన బాకీ.

ఆ బాకీ పడిన తోటి ఉద్యోగి ఎవరైనా గుర్తుకొస్తే ఈ వారమే ఫోను చేసి, ఆయన చేసిన పని పేరు చెప్పి మెచ్చుకోండి. ఇన్నేళ్లూ మనకు టిఫిన్ డబ్బా కట్టి పంపిన మనిషితో మొదలుపెట్టినా మంచిదే.