గరిక కాపరులు



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము గరిక. ఈ మాట వినగానే, "గడ్డిపోచను గుఱించి రేడియోలో చెప్పవలసిన దేమున్నది?" అని పోలవరమున అరుగులపై కూర్చున్న పెద్దలు నవ్వుకొనవచ్చును. వినాయకచవితినాడు మనము గరికను రెండేసి పోచలుగా త్రుంచి పూజ చేయుదుము. గ్రహణమువేళ ఊరగాయ జాడీలపై వేయుదుము. మఱునాడది చేనిలో కనబడినచో వేళ్లతో పెకలించి గట్టుపై పాఱవేయుదుము. పాఱవేసినచోటనే అది మరల చిగుర్చును. కణుపు కణుపునకు వేరు దిగు ఈ గడ్డితో మన రైతు తరతరములుగా పోరాడుచునే యున్నాడు.

అట్టి గరికను బ్రతికించుటయే బ్రదుకుతెరువుగా గలవారు లోకమున వేలకొలదిగా నున్నారు. వారు గాల్ఫు మైదానముల సూపరింటెండెంట్లు. పూర్వము వారిని గ్రీన్‌కీపర్లనెడివారు. అనగా పచ్చిక కాపరులు. వారి పని యెట్టిది, అందలి కష్టములేవి, ఏటిగట్టు నీడను కాపురముండు మనము వారినుండి నేర్వదగిన దేమి అను మూడు సంగతులు ఈ పూట మనవి చేసెదను.

మొదట ఆట సంగతి. మన పిల్లలు గోలీకాయను గుంటలో వేయు ఆటను విశాలమైన బయలునకు పెంచినట్లు ఊహించుకొనుడు. చిన్న చెండును కఱ్ఱతో కొట్టి, వందల గజముల దూరముననున్న గుంటలో పడవేయవలెను. గుంట వెడల్పు నాలుగుంబావు అంగుళములు మాత్రమే. అట్టి గుంటలు 18. పూర్తి మైదానము సాధారణముగా నూఱెకరములకు పైబడి యుండును. స్కాట్లండున పెరిగిన యీ యాట ఇంగ్లీషువారి వెంట మన దేశమునకు వచ్చినది. 1829లో కలకత్తాలో వెలసిన గాల్ఫు క్లబ్బు బ్రిటిషు దీవులకు వెలుపల మొట్టమొదటిదని ప్రసిద్ధి. తెలుగువారి నడుమ విశాఖపట్టణమునందును, హైదరాబాదున గోలకొండ కోట నయాఖిల్లా యావరణమునందును ఇట్టి మైదానములు నేడున్నవి.

గుంట చుట్టును గుండ్రముగా నుండు పచ్చిక పట్టును గ్రీన్ అందురు. అక్కడ చెండు తివాచీపై దొర్లినట్లు దొర్లిపోవలెను. అందుచే గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్ల యెత్తున కోసి యుంచుదురు. అది బియ్యపుగింజ పొడవుకన్నను తక్కువ. ఉష్ణదేశములలో ఈ పచ్చిక చాలవఱకు గరిక జాతిదే. ఏ మొక్కయైనను ఆకుతోనే ఆహారము వండుకొనును గదా! అట్టి యాకును దినదినము కత్తిరించుచు మొక్కను బ్రతికించుట యెంత కష్టమో వ్యవసాయము తెలిసిన మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ విద్యకు ఆద్యులలో నొకడు టామ్ మారిస్. 1821లో స్కాట్లండునందలి సెంట్ ఆండ్రూస్ పట్టణమున జన్మించి, 1860 తరువాతి సంవత్సరములనుండి 1903 వఱకు అచటి మైదానమునకు కాపరిగా నుండెను. పచ్చికపై పలుచగా ఇసుక చల్లి వేళ్లను బలపఱచు పద్ధతిని వ్యాప్తికి తెచ్చినవాడని అతనికి పేరు. ఆదివారమునాడు నేలకు విశ్రాంతి నీయవలెనని అతడు పట్టుపట్టెను. నేటికిని అచటి ప్రాచీన మైదానమున ఆదివారము సాధారణముగా ఆట ఉండదు. ఎద్దునకు సెలవిచ్చు రైతునకు ఈ ధర్మము క్రొత్తది కాదు.

ఆ కాలమునకు పూర్వము గడ్డిని గొఱ్ఱెలు మేసెడివి. లేనిచో కొడవళ్లతో కోసెడివారు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అను ఇంగ్లీషు పనివాడు, మిల్లులో ఉన్నిగుడ్డపైని నూగును కత్తిరించు యంత్రమును చూచి, ఆ పోలికనే గడ్డికోత యంత్రమును కల్పించెను. నేటి యంత్రములన్నిటికిని అదియే మూలము.

మఱియొకరి పేరు మన మెట్టరైతులు తప్పక వినవలెను. అమెరికాలో జార్జియా రాష్ట్రమున టిఫ్టన్ అను నూర గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడుండెను. అతడును అతని తోడివారును మన గరికను ఆఫ్రికాలోని సన్నగరికతో సంకరపఱచి మైదానములకు తగిన రకములను సృజించిరి. వానిలో ఒకటి 1956లోను, మఱియొకటి 1960లోను వెలువడినవి. ఈ సంకరపు గరిక విత్తనము కట్టదు. చెఱకు ముక్కలను నాటినట్లు కాడలనే నాటవలెను. ఆ బర్టన్ తయారుచేసిన సజ్జ వంగడమును తల్లిగా గైకొనియే మన దేశమున 1965లో మొదటి సంకరజాతి సజ్జ విడుదలయ్యెను. దిగుబడి మెండుగా వచ్చినది గాని, కొలది యేండ్లకే వెఱ్ఱికంకి తెగులు అట్టి సజ్జలను పీడించినది. ఆటకొఱకు గడ్డిని పెంచు శాస్త్రమును, ఆకలికొఱకు పంటను పెంచు శాస్త్రమును ఒకే గూటి పక్షులని దీనివలన తెలియుచున్నది. అంతటను ఒకే రకమును నాటిన ముప్పు రెండింటికిని సమానమే.

ఇక కాపరి దినచర్య. ఆటగాండ్రు ప్రొద్దు పొడువగానే వత్తురు గనుక, కాపరి వారికన్న ముందు తెల్లవాఱుజామున లేచి మైదానమంతయు నడచి చూడవలెను. రాత్రి ఏ పురుగు తొలిచినదో, ఎక్కడ నీరు నిలిచినదో, ఎక్కడ గడ్డి వాడి రంగు మాఱినదో కన్నులతో పట్టుకొనవలెను. అనుమానమైనచోట చాకుతో చిన్న మట్టిచెక్కను పెల్లగించి, వేళ్ల పొడవు చూచి, మన్ను వాసన చూడవలెను. పిమ్మట కోత, తడి, కలుపుతీత. మన దేశమున కలుపు పనిని తఱుచు స్త్రీలు కూర్చుండి చేతితోనే చేయుదురు. ఒకేచోట అడుగులు పడి నేల గట్టిపడకుండ గుంటనే తఱచుగా స్థలము మార్చుదురు. నేల బిగిసినప్పుడు సన్నని రంధ్రములు పొడిచి గాలి ఆడనిత్తురు.

నీరు పెట్టుటకన్న నీరు తీయుట కష్టమని ఆ పనివారందురు. అందుచే గ్రీన్ క్రింద, 1960నుండి అమెరికాలో వ్యాప్తిలోనున్న పద్ధతి ప్రకారము, అడుగు మందమున ఇసుక, దాని క్రింద నాలుగంగుళముల గులక, ఆ క్రింద నీరు పోవు గొట్టములు అమర్చుదురు. పైనబడిన నీరు వడిగా దిగిపోవును. మన్ను మాత్రము కదలదు. ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు. గట్టు సంగతి చెప్పునపుడు దీనితో పని పడును.

కాపరి కష్టములు పనితో తీఱునవి కావు. వాన యెక్కువైన బూజు తెగులు, తక్కువైన ఎండుతెగులు. ఒక్క రాత్రి యుక్క పోసెనా, నిన్న నిగనిగలాడిన పచ్చిక నేడు మచ్చలు పడును. పూర్వము తెగుళ్లకు పాదరసపు మందులు, పురుగులకును కలుపునకును సంఖపాషాణపు మందులు చల్లిరి. అవి మన్నులోను నీటిలోను నిలిచి కీడు చేయునని తెలిసిన పిమ్మట పలుదేశములు వానిని మాన్పించినవి. వేసవిలో ఒక్క మైదానము దినమునకు లక్షల లీటర్ల నీరు త్రాగును. త్రాగునీటికి కఱవున్నచోట ఇది న్యాయమా యని ప్రజలడుగుదురు. అడుగవలసినదే. అందుచే నేడు పలుచోట్ల శుద్ధిచేసిన మురుగునీటినే పాఱించుచున్నారు.

అన్నిటికన్న పెద్ద కష్టము మఱియొకటి కలదు. పచ్చిక బాగున్ననాడు ఆటగాడు తన చేతివాటమునే మెచ్చుకొనును. చెండు గుంట తప్పిననాడు పచ్చికను తిట్టును. కాపరి పని చక్కగా సాగినంతకాలము అతడున్నట్లే యెవ్వరికిని తెలియదు. ఈ నిరాదరణకు విరుగుడుగా 1926లో అమెరికాలో ఒహాయో రాష్ట్రపు టొలీడో నగరమున అఱువదిమంది కాపరులు గూడి, జాన్ మోర్లీ పెద్దఱికమున ఒక సంఘమును స్థాపించిరి. తెలిసినది దాచుకొనక ఒకరి కొకరు చెప్పుకొనిరి. నేడు ఆ వృత్తికి కళాశాలలలో చదువు కలదు, పరీక్షలు కలవు, గౌరవము కలదు.

అయ్యలారా, ఆటస్థలపు గరికకే యింత చదువు, యింత కాపలా యున్నవి. ప్రాణములను కాచు గరిక మాట యేమి? అది మన యేటిగట్టు మీది గరిక. పోలవరమునుండి దిగువగా తాళ్లపూడి, కొవ్వూరు దిక్కునకు పోవు గట్టును మీరు నిత్యము చూచుచునే యున్నారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించినపుడు డెల్టాలో గట్లు పలుతావుల తెగి ఊళ్లు మునిగినవి. 2022 జూలైలో వచ్చిన వరద 25 లక్షలు దాటినది. అట్టి రాత్రులలో ఊరికిని ఏటికిని నడుమ నుండునది ఈ మట్టికట్టయే.

మట్టికట్టకు గరిక చర్మము వంటిది. వానచినుకు నేరుగా మట్టిని తాకి కోతలు పెట్టకుండ ఆపునది ఆకు; వాలును జాఱనీయక అల్లుకొని పట్టునది వేరు. ప్రవాహము నేరుగా ఒఱసికొనుచోట గరిక చాలదు, ఱాతికట్టడము వలసినదే. తక్కినచోట గరికకు మించిన చవుకయైన కవచము లేదు. మనము చేనిలో ద్వేషించు మొండితనమే గట్టుపై మనకు రక్ష.

ఈ గరికకును కాపరి యున్నాడు. అతడే లస్కరు. గాల్ఫు కాపరివలెనే అతడును నడచి చూడవలసినవాడు. చూడవలసినవియు కొంచెమించుమించుగా అవియే: ఎలుక బొరియ, ఎండ్రకాయ బొక్క, పశువుల త్రోవలో గడ్డి యరిగి బయటపడిన మన్ను, బండ్లు ఎక్కి దిగిన గాడి. గట్టుపై తుమ్మ మొలచి వేరు లోతుకు పోయెనా, ఆ చెట్టు చచ్చిన పిదప వేరు కుళ్లి నీటికి గొట్టము వంటి దారి యగును. గడ్డి మోకాలెత్తు పెరిగినను కీడే. క్రింది బొరియ కనబడదు. చెక్కి పాఱవేసినను కీడే, మన్ను నగ్నమగును. కోసి యుంచవలెను, పెకలింపరాదు.

వరద నిలిచినపుడు గట్టు ఊరివైపు అడుగున ఊట పుట్టును. అది తేటనీరైనచో గట్టు నీటిని వడగట్టుచున్నదని యర్థము. కాపలా పెట్టి చూచుచుండవలెను. బురదనీరైనచో గట్టు తన మన్నునే క్రక్కుచున్నదని యర్థము; ఒక్క క్షణమైనను ఆలసింపరాదు. అధికారులకు కబురంపి, ఇసుక బస్తాలను ఊట చుట్టును బావి యొరవలె పేర్చవలెను. లోపల నీటిమట్టము పెరిగినకొలది ఊట వడి తగ్గి మన్ను కదలుట మానును. ఊట నోటిని మట్టితో మూయబోయినచో నీరు వేఱొక చోట చీల్చుకొని వచ్చును. నీటిని పోనిచ్చి మన్నును నిలుపుట యను ఆ గ్రీన్ క్రింది ఇసుక, గులకల సూత్రమే యిక్కడను ప్రాణరక్షకమగుచున్నది.

గట్టు మైళ్ల కొలది సాగును; ఒక్క లస్కరు కన్నులు చాలవు. కావున గ్రామపెద్దలకు నా మనవి. జ్యేష్ఠమాసమున, ఏఱువాక పనులకు ముందే, మీ యూరి పొలిమేరలోని గట్టును లస్కరుతో గూడ ఒక్కమాఱు కడనుండి కడకు నడచి చూడుడు. కనబడిన ప్రతి బొరియను గుర్తు పెట్టి, కాగితముపై వ్రాసి, జలవనరుల శాఖవారికి అందజేయుడు. గట్టు మన్ను ఇంటి పునాదికి త్రవ్వుకొనువానిని మందలించుట మీ మాటవలన జఱుగును గాని, లస్కరు మాటవలన జఱుగదు. పశువులను తోలు పిల్లవానికి వేఱు త్రోవ చూపుట మీచేతిలోని పని.

ఆటలో చెండు గుంట తప్పినచో మఱునాడు మరల ఆడవచ్చును. గట్టునకు మఱునాడు లేదు. వరద రాని యేట, "ఈ లస్కరు చేసిన పని యేమి?" అని యెవరైన అడిగినచో, ఊరు తడవక నిలిచియున్నదని చూపుడు. చవితినాడు పళ్లెములో గరిక నుంచునపుడు, గట్టు మీది గరికను గూడ ఒక్క నిమిషము తలచుకొనుడు.