బిట్టు విరిగితే ముందు చెయ్యి ఆపండి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



నాకు మైకు పట్టుకోవడం అలవాటు లేదు, డ్రిల్ మిషన్ పట్టుకోవడమే అలవాటు. అధ్యక్షురాలు గారు "నీ పని గురించే చెప్పమ్మా, నష్టపోయింది కూడా దాచకుండా చెప్పు" అన్నారు. అందుకే ఇక్కడికి వచ్చాను.

మా ఆయన ఇళ్ళకు కర్టెన్ పైపులు, దోమల మెష్‌లు బిగించేవారు. నడుము పట్టేసి నిచ్చెన ఎక్కలేని పరిస్థితి వచ్చింది. పక్కన సాయంగా ఉండి పని చూసినదాన్ని కాబట్టి నేనే చేస్తానన్నాను. సంఘంలో తీర్మానం చేసి స్త్రీనిధి అప్పు ఇప్పించారు. దాంతో హ్యామర్ డ్రిల్, బిట్ల సెట్టు, నిచ్చెన కొన్నాను.

రెండో నెలలోనే దెబ్బ తగిలింది. ఒక ఇంట్లో కిటికీ మీద కర్టెన్ పైపుకి కన్నాలు వేస్తున్నాను. కిటికీ పైన ఉండేది లింటల్. అది కాంక్రీటు, లోపల ఇనుప చువ్వలు ఉంటాయి. బిట్టు ఒక అంగుళం దిగి ఆగిపోయింది. శబ్దం మారి కీచుమంది. అప్పుడే ఆపాల్సింది. చీకటి పడేలోగా ఇంకో ఇంటికి వెళ్ళాలని ఒంటి బరువంతా వేసి నొక్కాను. టప్పుమని విరిగింది. సగం మిషన్‌లో, సగం గోడలో!

ఇంటావిడకి చెబితే "ఆడమనిషికి పనిస్తే ఇంతే" అంటుందేమోనని భయపడ్డాను. విరిగిన ముక్క కనబడకుండా దాని మీదే క్లాంపు పెట్టాను. రెండు స్క్రూలు పడాల్సిన చోట ఒక్కటే బిగించి, డబ్బులు తీసుకుని వచ్చేశాను. పది రోజులకి ఆ పైపు తెరతో సహా ఊడి పడింది. కింద మంచం మీద వాళ్ళ అత్తగారు పడుకుంటారు. ఆమె అప్పుడే లేచి బయటకు వెళ్ళారు కాబట్టి బతికిపోయారు, నేనూ బతికిపోయాను.

ఆ వీధి వీధంతా నన్ను పిలవడం మానేసింది. రెండు నెలలు వాయిదా కట్టలేకపోయాను. సంఘం సమావేశంలో అడిగితే "పనులు లేవు" అన్నాను. మా లీడరక్క వదల్లేదు. "ఎందుకు లేవు?" అంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఏడ్చాను. ఎవరూ తిట్టలేదు. అంతర్గత అప్పు ఇచ్చి ఆ రెండు వాయిదాలు కట్టించారు. "ముందు ఆ ఇంటికి వెళ్ళి ఒప్పుకుని, పని సరిచేసి రా" అన్నారు. వెళ్ళాను. రెండు అంగుళాలు పక్కకి జరిగి కొత్త కన్నాలు వేసి, డబ్బు తీసుకోకుండా బిగించాను. పాత కన్నాన్ని పుట్టీతో మూశాను. ఆవిడ ఆ రోజు పెద్దగా మాట్లాడలేదు. ఆరు నెలల తర్వాత తన చెల్లెలి ఇంటికి ఆవిడే నన్ను పిలిపించింది.

మనలో ఇప్పుడు మెష్ పని, కరెంటు పని, ప్లంబింగ్ నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. నాకు తెలిసింది నాలుగు మాటలు వాళ్ళ కోసం చెబుతాను.

ముందు, బిట్టు ఎందుకు విరుగుతుందో తెలుసుకోవాలి. గోడ బిట్టు వేరు, ఇనుము బిట్టు వేరు. గోడ బిట్టు కొనన ఒక గట్టి ముక్క అతికించి ఉంటుంది. హ్యామర్ మీద పెట్టి వాడేది అదే. అల్యూమినియం ఫ్రేముకి, ఇనుముకి వాడేది ఇనుము బిట్టు. దానికి హ్యామర్ ఆపేయాలి. ఇనుము మీద ముందు పంచ్‌తో చిన్న గుంట కొడితే బిట్టు జారదు. మధ్యలో ఒక చుక్క నూనె వేస్తే వేడెక్కదు. చక్ బిగించేటప్పుడు తాళాన్ని ఒక్క కన్నంలోనే తిప్పి వదిలేయకండి. మూడు కన్నాల్లోనూ తిప్పి బిగించాలి. మిషన్ నిటారుగా పట్టుకోవాలి, పక్కకి వంచితే సన్నబిట్టు ఇట్టే విరుగుతుంది. మధ్యమధ్యలో బయటకు తీసి పొడి దులపాలి. ఇనుప రేకులో కన్నం అవతలికి తేలే ముందు చెయ్యి తేలిక చేయాలి. ఎక్కువగా పట్టేసేది అక్కడే. గోడలో శబ్దం మారి, పొడి రావడం ఆగిందంటే చువ్వ తగిలిందని అర్థం. నొక్కకండి, చోటు మార్చండి.

ఇంత చూసుకున్నా ఒక్కోసారి విరుగుతుంది. అప్పుడు ముందు స్విచ్ వదిలేయండి, ప్లగ్ పీకేయండి. ముక్కని చేత్తో ముట్టుకోకండి, అది కాలుతూ ఉంటుంది, అంచు కత్తిలా ఉంటుంది. చల్లారాక చూడండి. ముక్క బయటకు కనబడుతుంటే లాక్ పడే ప్లేయర్‌తో గట్టిగా పట్టుకుని, బిట్టు తిరిగిన దిక్కుకి ఎదురుగా, అంటే ఎడమ వైపుకి, తిప్పుతూ లాగండి. చెక్కలోంచి ఎక్కువగా ఇలాగే వస్తుంది. ఇనుప పట్టీలో విరిగి, అవతలి వైపు కన్నం తెరిచి ఉంటే, అటునుంచి పంచ్ పెట్టి మెల్లగా కొట్టి బయటకు తోయవచ్చు. విరిగిన ముక్క మీద ఇంకో ఇనుము బిట్టు పెట్టి తొలవాలని చూడకండి. ఆ ముక్కా అంతే గట్టిది, రెండో బిట్టూ పోతుంది. గోడలో లోపలికంటా విరిగితే తవ్వకండి. ముక్క అక్కడే వదిలి, పక్కన కొత్త కన్నం వేసి, పాతది పుట్టీతో మూయండి. ఇంటివాళ్ళకి చూపించి, చెప్పి మూయండి. స్విచ్ బోర్డుకి నేరుగా పైన, కింద, పక్కన కన్నం వేయకండి, అక్కడ గోడలో వైర్లు ఉంటాయి.

కళ్ళద్దాలు లేకుండా మిషన్ ఆన్ చేయకండి. ముక్క ఎటు ఎగురుతుందో మన చేతుల్లో ఉండదు. ఇనుప ముక్క కంట్లో గుచ్చుకుంటే నలపకండి, లాగకండి. కంటిని నొక్కకుండా పైన ఒక కప్పు లాంటిది అడ్డం పెట్టుకుని వెంటనే కంటి ఆస్పత్రికి వెళ్ళండి. చీర కొంగు నడుముకి బిగించండి, చున్నీ తీసి పక్కన పెట్టండి, జడ ముడి వేసుకోండి, గాజులు తీసేయండి. వదులుగా ఉన్న గ్లౌజులు కూడా తిరిగే బిట్టుకి చుట్టుకుంటాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. బిట్టు అరిగే వస్తువు. నేను ఇప్పుడు కూలి మాట్లాడేటప్పుడే బిట్ల ఖర్చు కలిపి మాట్లాడుతున్నాను. పని దగ్గరికి ప్రతి సైజులో రెండేసి తీసుకెళ్తాను. ఉన్నది ఒక్కటే అయితే అది విరిగిన రోజు కూలి పోయినట్టే.

మన పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటి కదా. నేను బిట్లకి కూడా ఒక పుస్తకం పెట్టాను. ఏ రోజు ఏ బిట్టు విరిగింది, దేంట్లో విరిగింది, ఎన్ని గంటలకి అని రాస్తాను. ఏడాది తిరిగాక చూస్తే విరిగిన వాటిలో ఎక్కువ సాయంత్రం ఐదు తర్వాతవే. అలసట, తొందర. ఇప్పుడు ఐదు దాటాక కొత్త కన్నం మొదలుపెట్టను. మర్నాడు వస్తానని చెబుతాను. ఒప్పుకోని ఇల్లు ఇంతవరకు ఒకటో రెండో.

నా అప్పు తీరిపోయింది. గోడలో బిట్టు విరిగిన రోజు నాకు పోయింది ఒక్క బిట్టు ఖరీదే. దాన్ని దాచినందుకు పోయింది రెండు నెలల కూలి. ఈ మాట గుర్తుపెట్టుకుంటే నేను ఇక్కడికి వచ్చినందుకు ఫలితం దక్కినట్టే.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు మా గ్రామ సంఘం సమావేశం రోజున రండి. నా విరిగిన ముక్కల డబ్బా తెస్తాను. ఏది ఎందుకు విరిగిందో చేతిలో పెట్టి చూపిస్తాను.