మక్కా మసీదు

చార్మినారును చూడవచ్చు యాత్రికులలో పెక్కురు, దానికి నైరుతి దిక్కున కూతవేటు దూరమున నున్న మక్కా మసీదును వెలుపలినుండియే చూచి మరలిపోవుచుందురు. ఆ కట్టడమును నింపాదిగా చూడగోరు శ్రోతలకై నాలుగు మాటలు చెప్పదలచితిమి.

17వ శతాబ్ది తొలి పాదమున గోలకొండ నేలిన మహమ్మదు కుతుబ్ షా దీనికి పునాది వేయించెను. 1687లో గోలకొండ మొగలాయిల వశమైనది. పిదప 1694లో ఔరంగజేబు దీనిని పూర్తి చేయించెను. ఒక వంశము ఆరంభించిన పనిని, ఆ వంశమును కూలద్రోసిన చక్రవర్తియే ముగించినాడు! మక్కానుండి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలను నడిమి కమానున పొదిగిరనియు, అందుచేతనే ఈ పేరు వచ్చినదనియు ప్రతీతి.

ప్రార్థనశాల 75 అడుగుల ఎత్తు, సుమారు 220 అడుగుల వెడల్పు, 180 అడుగుల పొడవు గలది. మూడు వైపుల ఐదేసి చొప్పున 15 కమానులు పైకప్పును మోయుచున్నవి. నాలుగవది మక్కా దిక్కుగానున్న పడమటి గోడ. అందలి ప్రార్థనా గూటికై ఏకశిలను తొలుచుటకు ఐదారువందలమందికి ఐదేండ్లు పట్టెననియు, దానిని లాగుటకు 1400 ఎద్దులను కట్టిరనియు ఆ కాలపు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసియున్నాడు.

విశాలమైన ముంగిట ప్రార్థనకు ముందు కాలుసేతులు కడుగుకొను హౌజు, పావురముల గుంపులు, ఒక ప్రక్క రెండవ అసఫ్ జా మొదలు ఆరవ అసఫ్ జా వరకు గల నిజాముల సమాధులు కానవచ్చును.

చూడవచ్చువారు ద్వారమున తనిఖీకి సహకరింపవలెను, పాదరక్షలు విడువవలెను, ఒడలు నిండుగా కప్పుకొనవలెను, స్త్రీలు తలపై కొంగు వేసికొనుట మర్యాద. నమాజు వేళలను, ముఖ్యముగా శుక్రవారపు మధ్యాహ్నమును, ప్రార్థించువారికే విడిచిపెట్టుట ఉచితము. ఆ తనిఖీని విసుగుగా తలపరాదు. 2007 మే 18వ తేదీ శుక్రవారమున ఇచ్చటనే బాంబు ప్రేలి ప్రార్థనకు వచ్చిన అమాయకులు ప్రాణములు కోల్పోయిరి.

నల్లరాయి ఎంత గట్టిదైనను, రాళ్ల నడిమి సున్నపు గచ్చు వానకు ఓర్వదు. బీటలో ఒక్క రావి విత్తు మొలచినచో దాని వేరు వెంబడి నీరు లోనికి దిగును. పైకప్పు కారుటచే ఇటీవలి సంవత్సరములలో మరమ్మతులు చేపట్టవలసివచ్చినది. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయును. గోడలపై పేర్లు చెక్కకుండుట, ముంగిట చెత్త వేయకుండుట మన వంతు.

ముంగిటనున్న రాతి అరుగుపై కూర్చున్నవారు మరల హైదరాబాదునకు వచ్చెదరని ఒక నానుడి కలదు. వారు మరల వచ్చునాటికి ఈ కట్టడము చెక్కుచెదరక నిలిచియుండవలెననియే మా కోరిక.