తాళంచెవి ఎవరికిస్తాం?

నాలుగు రోజులు ఊరికి వెళ్లాలంటే ఇంటి తాళంచెవి ఎవరికిచ్చి వెళ్తాం? పక్కింటావిడతో కప్పు పంచదార, పాలలోకి కాస్త తోడు ఇచ్చిపుచ్చుకోవడం మొదటి నెలలోనే మొదలవుతుంది. తాళంచెవి చేతిలో పెట్టడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ఇరుగుపొరుగు దేశాల సంగతీ ఇంతే.

ఫ్రాన్సు, జర్మనీల మాటే చూడండి. 1870కీ 1945కీ మధ్య మూడు యుద్ధాలు. 1914-18 యుద్ధంలోనే ఫ్రాన్సు 13 లక్షలకు పైగా సైనికుల్ని పోగొట్టుకుంది. అయినా 1951లో, మరి నాలుగు దేశాలతో పాటు, బొగ్గూ ఉక్కూ ఉమ్మడిగా చూసుకుందామని పశ్చిమ జర్మనీతో కలిసి సంతకం చేసింది. అది పంచదార కప్పు. మరుసటి ఏడు సైన్యాల్ని కూడా కలుపుదామని ఆ ఆరు దేశాలే మళ్లీ సంతకాలు చేశాయి. ఆ ఆలోచన ఫ్రాన్సుదే సుమండీ! తీరా 1954 ఆగస్టులో ఫ్రాన్సు పార్లమెంటే దాన్ని తోసిపుచ్చింది. వేరే కారణాలూ ఉన్నాయి గాని, జర్మనుల చేతికి మళ్లీ తుపాకులా అన్న భయం చిన్నదేం కాదు. పైవాళ్లు సంతకం పెట్టినంత తేలిగ్గా ఇళ్లల్లో మనసులు మారతాయా?

1963లో ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనార్ స్నేహ ఒప్పందం చేసుకున్నారు. ఆ ఏడే రెండు దేశాలకూ కలిపి ఒక యువజన కార్యాలయం వెలిసింది. అది చేసే పనుల్లో ఒకటి చాలా మామూలుది. జర్మన్ పిల్ల కొన్నాళ్లు ఫ్రెంచివారింట్లో ఉంటుంది. తర్వాత ఆ ఇంటి పిల్ల జర్మనీ వెళ్తుంది. వినడానికి ఎంతండీ! కాని ఆ తల్లి స్థానంలో ఉండి చూడండి. అన్ననో తండ్రినో యుద్ధంలో పోగొట్టుకున్న మనిషి, ఆ దేశపు పిల్లకే పక్క వేసి, పొద్దున్నే ఏం తింటావమ్మా అని అడగాలి. తన పిల్లని వాళ్లింటికి పంపి, రాత్రి కంటినిండా నిద్రపోవాలి. నన్నడిగితే దేశాధినేతల సంతకం కన్నా ఇదే కష్టం. ఇప్పటికి 90 లక్షల మందికి పైగా యువతీయువకులు ఆ కార్యాలయం కార్యక్రమాల్లో పాల్గొన్నారు.

2003లో, ఒప్పందానికి 40 ఏళ్లు నిండినప్పుడు, బెర్లిన్‌లో కలుసుకున్న రెండు దేశాల విద్యార్థులు ఒక కోరిక కోరారు. ఇద్దరికీ ఒకే చరిత్ర పుస్తకం కావాలని! 2006లో మొదటి భాగం, 2008లో రెండోది వచ్చాయి. బడుల్లో అంత విరివిగా వాడలేదు గాని, ఆ మూడు యుద్ధాలూ రెండో భాగంలోనే ఉన్నాయి. రెండు భాషల్లోనూ ఒకే పాఠం.